అడ్డం ఎక్కడుందో తెలిశాకే డబ్బు తీద్దాం

(పట్టణ సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ వివరాలు ఇందాకే చదివాం. ఇప్పుడు మాట్లాడబోయే సంగతి వింటే కొందరు ముక్కు మూసుకుంటారేమో. మురుగు పైపుల గురించి. ఇది సభలో మాట్లాడే విషయమా అని కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు కూడా. కానీ ఈ ఏడాది అంతర్గత అప్పుల పుస్తకం తిరగేస్తూ, 'ఇంటి మరమ్మతు' అని రాసి ఉన్న చోటల్లా ఆగి, ఏం మరమ్మతమ్మా అని అడిగాం. చాలామంది చెప్పింది ఒకటే. సింకు పోవట్లేదు, బాత్రూంలో నీళ్లు నిలుస్తున్నాయి, సెప్టిక్ ట్యాంకు నిండింది. పెళ్లికో పిల్లల చదువుకో తీసిన అప్పు గురించి పదిమందిలో చెప్పుకుంటాం. దీని గురించి చెప్పుకోం. చెప్పుకోం కాబట్టే ఒకరు నష్టపోయిన చోటే ఇంకొకరం నష్టపోతున్నాం.

ఒక సభ్యురాలి సంగతి చెప్తాం. పేరు వద్దన్నారు. వంటింటి సింకులో నీళ్లు పైకి తన్నుతున్నాయని ఒక పనివాణ్ణి పిలిచారు. అతను చూసి, గచ్చు కింద పైపు పాడైందన్నాడు. గచ్చు పగలగొట్టాడు, కొత్త పైపు వేశాడు, మళ్లీ టైల్స్ అతికించాడు. కూలీ, సామాను కలిపి 9,000 రూపాయలు. సంఘంలో అప్పు తీసి కట్టారు. నెలన్నర తిరక్కుండానే మళ్లీ అదే గోల. ఈసారి పక్కింటి పెద్దావిడ వచ్చి, ముందు పెరట్లో చాంబర్ మూత తీయమన్నారు. తీస్తే లోపల గిన్నెలు తోమే పీచు ఒకటి, దాని చుట్టూ సబ్బులా గడ్డకట్టిన నూనె. వెదురు బద్దతో పది నిమిషాల పని. ఆ 9,000 వాయిదాలు ఆవిడ ఇంకా కడుతూనే ఉన్నారు.

అందుకని ఎవర్నీ పిలవకముందే అడ్డం ఎక్కడుందో మనమే చూసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్క సింకులోనే నీళ్లు నిలిస్తే అడ్డం ఆ సింకు కిందే. సింకూ బాత్రూమూ రెండూ మెల్లగా పోతుంటే, ఆ రెండు పైపులు కలిసే చోట. లెట్రిన్‌లో నీళ్లు కొడితే బాత్రూం జాలీలో బుడబుడమని చప్పుడు రావడం, లేదా మురుగు పైకి రావడం జరిగితే అడ్డం బయట ఉన్నట్టు. అప్పుడు చాంబర్ మూత తీసి చూడాలి. చాంబర్ నిండుగా ఉంటే అడ్డం దాన్ని దాటి ముందుకు ఉంది, లేదా సెప్టిక్ ట్యాంకే నిండింది. చాంబర్ ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ చాంబర్‌కీ మధ్య. వీధిలో మ్యాన్‌హోలే పొంగుతుంటే అది మన డబ్బుతో బాగుచేసుకోవాల్సింది కాదు. వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. హైదరాబాద్‌లో పిల్లలు కాపురాలున్నవాళ్లు అక్కడి జలమండలి నంబరు 155313 వాళ్లకు చెప్పండి.

ఇక వంటిల్లు. సింకు కింద సీసాలా వేలాడే ప్లాస్టిక్ బుడ్డి ఒకటి ఉంటుంది. ప్లంబర్లు బాటిల్ ట్రాప్ అంటారు. కింద బకెట్ పెట్టి చేత్తో తిప్పితే అడుగు మూత ఊడి వస్తుంది. మెతుకులు, టీ పొడి, కరివేపాకు ఈనెలు అన్నీ అందులోనే చేరి ఉంటాయి. ఒకావిడకు ఎప్పుడో పోయిన ముక్కుపుడక దొరికింది, అది వేరే కథ. కడిగి, రబ్బరు వాషరు మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి బిగిస్తే అయిపోయింది. అప్పటికీ పోకపోతే కర్రకు రబ్బరు గిన్నె ఉండే ప్లంజర్. సింకులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు ఉంచి, పక్కన ఇంకో చిల్లు ఉంటే తడిగుడ్డతో గట్టిగా మూసి, అప్పుడు నొక్కాలి. ఆ చిల్లు మూయకపోతే గాలి అటు పోతుంది, ఎంత నొక్కినా దండగ. దానికీ లొంగకపోతే స్ప్రింగ్ వైరు. తోయడం కాదు, తిప్పుతూ లోపలికి పంపాలి. అడ్డం తగిలాక ఇంకా తిప్పి, మెల్లగా వెనక్కి లాగాలి. మా పట్టణం హార్డ్‌వేర్ కొట్టులో ప్లంజర్ 120 రూపాయలకు, స్ప్రింగ్ వైరు 350కి కొన్నాం.

అసలు ఇదంతా ఎందుకొస్తుందంటే, నూనె. మూకుడు వేడిగా ఉన్నప్పుడు నూనె నీళ్లలాగే జారిపోతుంది. పైపులో చల్లారాక గోడకు పట్టుకుంటుంది. దాని మీద గంజి, దాని మీద మెతుకులు. అమ్మమ్మల కాలంలో గిన్నెలు పెరట్లో బూడిదతో తోమారు, ఆ నీళ్లు అరటి చెట్టుకు పోయాయి. వంటిల్లు గట్టెక్కాక ఈ తిప్పలు వచ్చాయి. వేపుడు మూకుణ్ణి, పచ్చడి జాడీని తోమే ముందు పాత కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేస్తే సగం బాధ తప్పుతుంది. సలసల కాగే నీళ్లు మాత్రం పోయకండి. పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడుతుంది, అతుకులు వదులవుతాయి. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు.

బాత్రూంలో అడ్డం వేరు. జుట్టు, సబ్బు, కుంకుడుకాయ పిప్పి, సున్నిపిండి. భోగి తలంట్లు అయిన మర్నాడు, దీపావళి మర్నాడు ప్లంబర్లు దొరకరు, మీకూ తెలుసు. జాలీ తీస్తే లోపల గిన్నెలాంటిది ఉంటుంది, దాన్ని పైకెత్తి వారానికోసారి కడుక్కుంటే చాలు. కుంకుడు రసం గుడ్డలో వడకట్టి వాడండి. బహిష్టు ప్యాడ్లు, గుడ్డలు లెట్రిన్‌లో వేయొద్దని మన ఆడపిల్లలకు మనమే చెప్పాలి. అవి కరగవు.

పొడులు, యాసిడ్ల దగ్గర కొంచెం ఆగి మాట్లాడాలి. చవకగా దొరుకుతాయి కాబట్టి ముందు చెయ్యి వాటి మీదకే పోతుంది. డ్రైన్ పొడిలో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా. నూనె జిడ్డును కరిగిస్తుంది, నిజమే. కానీ నీళ్లు తగలగానే బాగా వేడెక్కుతుంది. మా సభ్యురాలొకరు పొడి వేశారు, పోలేదు. పావుగంట ఆగి, దాని మీదే బాత్రూం యాసిడ్ పోశారు. కుతకుతా ఉడికి పైకి చిమ్మి మోచేతి దాకా కాలింది. పొడికి పెట్టిన ఖర్చు 40 రూపాయలు, చేతికి పెట్టిన ఖర్చు 3,000 దాటింది, పదిహేను రోజులు మిషన్ కుట్టు ఆగిపోయింది. పొడి వేశాక యాసిడ్ పోయొద్దు, ప్లంజరూ నొక్కొద్దు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాలకే ముప్పు. పొడి వేసిన సంగతి ప్లంబర్‌కు ముందే చెప్పాలి, పాపం అతనూ చెయ్యి పెడతాడు. వంటసోడా, వెనిగర్ నురగ చూడ్డానికి బాగుంటుంది, వాసన తగ్గుతుంది. గడ్డకట్టిన అడ్డాన్ని అది తీయదు.

ప్లంబర్‌ను పిలవాల్సి వస్తే, పని మొదలుపెట్టకముందే మూడు సంగతులు తేల్చుకోండి. పగలగొట్టకుండా అడ్డం తీయడానికి ఎంత, మిషన్ స్ప్రింగ్ ఉందా లేదా, పగలగొట్టాలంటే ఎందుకో చాంబర్ దగ్గర నిలబడి చూపిస్తాడా. ఈ ఏడాది మన సభ్యులు సింకుకో బాత్రూంకో ఇచ్చింది 300 నుంచి 500. బయటి లైనుకు మిషన్ పెట్టిస్తే 1,000 నుంచి 1,500. రాత్రి పూట, పండగ పూట ఇంకో రెండు వందలు అడుగుతారు, అది న్యాయమే.

ఇప్పుడు సెప్టిక్ ట్యాంకు. మేము ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

ట్యాంకులో బరువైనది అడుక్కి చేరుతుంది, తేట నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి. అడుగున చేరిన మడ్డి తగ్గదు, రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిందే. మనం పొంగేదాకా చూస్తాం. పదేళ్లయినా తోడించలేదని గర్వంగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఈలోగా మడ్డి ఇంకుడు గుంతలోకి పోయి అక్కడి మట్టిని పూడ్చేస్తుంది, కొత్త గుంతకు పెట్టే డబ్బుతో నాలుగైదుసార్లు బండి పిలిపించొచ్చు. వాక్యూమ్ బండికి మా దగ్గర ఒక ట్రిప్పుకు 2,000 నుంచి 3,000. ఫోన్లోనే వాళ్ల పైపు ఎంత పొడవో అడగాలి, తోడింది ఎక్కడ పారబోస్తారో అడగాలి. ట్యాంకు మూత మీద టైల్స్ వేయించినవాళ్లు ముందు దాన్ని బయటపెట్టించండి.

మొన్న వానాకాలంలో మన సభ్యురాలి ఇంట్లో ట్యాంకు పొంగింది. సందు ఇరుకు, బండి రాదన్నారు. ఒకతను ఇద్దరు కుర్రాళ్లను, బకెట్లు, తాడు తీసుకొచ్చి, 1,500 ఇస్తే మనుషుల్ని దించి శుభ్రం చేయిస్తానన్నాడు. ఆవిడ ఆ డబ్బు కోసం సంఘానికి వచ్చారు. మేము వద్దన్నాం. గొడవైంది. ఇంట్లో ముసలి అత్తగారు, చంటిబిడ్డ, లెట్రిన్ వాడే వీల్లేదు, ఆవిడ కోపంలోనూ న్యాయం ఉంది. ఎవరో అన్నారు, వాళ్లు ఎప్పట్నుంచో చేసేదే కదా, అలవాటు ఉంటుందిలే అని. అప్పుడు గోడవారగా కూర్చున్న ఒక సభ్యురాలు లేచి, "మా ఆయనకీ అలవాటే" అన్నారు. ఇంకేమీ అనలేదు. కూర్చున్నారు.

ఆవిడ భర్త అలాంటి ట్యాంకులోనే పోయారని మాలో కొందరికి ఆ రోజే తెలిసింది. ఆరేళ్లుగా ఒకే సంఘంలో పొదుపు కడుతున్నాం.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు చేరుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది, వాసన లేదు కదా అని దిగుతారు, దిగినవాళ్లు కుప్పకూలుతారు. పైకి లాగుదామని దిగిన రెండోవాళ్లూ అంతే. మందు తాగి దిగినా, అగ్గిపుల్ల గీసి చూసినా దీనికి కాపు కాదు. అగ్గిపుల్లతో మీథేన్ అంటుకుంటుంది, అది ఇంకో ప్రమాదం. రక్షణ సామగ్రి ఇవ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మునిసిపాలిటీకో కాంట్రాక్టరుకో మాత్రమే కాదు, డబ్బిచ్చి పిలిచిన ఇంటివాళ్లకూ అది వర్తిస్తుంది.

ఆ ఇంటికి మర్నాడు సాయంత్రం పొడవు పైపు ఉన్న బండి దొరికింది, 2,800 అయింది. ఒకటిన్నర రోజు ఆ కుటుంబం పక్కిళ్లవాళ్ల మీద ఆధారపడింది, పక్కిళ్లవాళ్లు విసుక్కున్నారు కూడా. 1,500కు పైన అయిన 1,300 రూపాయలు సంఘం నుంచి వడ్డీ లేకుండా ఇచ్చాం. తర్వాతి సమావేశంలో తీర్మానం రాసుకున్నాం. బండితో ట్యాంకు తోడించడానికి ఏ సభ్యురాలు అడిగినా 3,000 వరకు అదే రోజు, వడ్డీ లేకుండా, మూడు వాయిదాల్లో. మనిషిని దించడానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వం. ఈ షరతు మీద ఇద్దరు సంతకం పెట్టలేదు. అదీ పుస్తకంలో రాశాం.

గోడవారన కూర్చున్న ఆ సభ్యురాలి సంగతి. 1993 నుంచి మురుగు లైన్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అంతకుముందు పరిహారం అందని పాత కుటుంబాలకూ ఈ ముప్పై లక్షలే ఇవ్వాలంది. ఆవిడకు ఇప్పటిదాకా ఒక్క పైసా రాలేదు, ఇలాంటిది ఉందని చెప్పినవాళ్లూ లేరు. కలెక్టరాఫీసుకు అర్జీ పెట్టించాం. ఎఫ్ఐఆర్ నకలు దొరికింది, పోస్టుమార్టం నివేదిక కోసం తిరుగుతున్నాం. వచ్చే సోమవారం ప్రజా ఫిర్యాదుల రోజు ఆవిడతో పాటు కలెక్టరాఫీసుకు వెళ్లడానికి నలుగురం కావాలి. సభ అయ్యాక పేర్లివ్వండి.

సమాఖ్య ఆఫీసులో రెండు ప్లంజర్లు, ఒక స్ప్రింగ్ వైరు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు కొని పెట్టాం. రోజుకు పది రూపాయలు. బుక్ కీపర్ దగ్గర సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి, ఎండబెట్టి ఇవ్వండమ్మా, పోయిన నెల ఆ స్ప్రింగ్ వైరు తడిగానే సంచిలో పెట్టి ఇచ్చారు, తుప్పు పట్టింది.