నాయనమ్మ చెప్పిన మందస

(సుమ్మాదేవిలో జరిగిన యొక సభలో చేసిన ప్రసంగపాఠము)



చిన్ననాటి జ్ఞాపకములను గూర్చి మాటాడుమని మీరు నన్నాజ్ఞాపించితిరి. నా బాల్యమునుండి మా నాయనమ్మను, అమ్మమ్మను తీసివేసినచో మిగులునవి రైలుపట్టాలును, జీడితోటలును, పంతులుగారి బెత్తమును మాత్రమే. కావున వారిద్దరిని గూర్చియే మనవి చేసెదను.

మా అమ్మమ్మ పుట్టినిల్లు బరంపురము ప్రక్క. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమైనపుడు పాత గంజాము జిల్లా రెండు ముక్కలై, మన మందస, టెక్కలి, సోంపేట సీమలు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. శ్రీకాకుళము జిల్లా యేర్పడినది 1950లో గదా. ఆమె పుట్టినిల్లు ఉన్నచోటనే యున్నది, రాష్ట్రమే మారిపోయినది! ఆమెకు మాత్రము ఆ సరిహద్దు ఎన్నడును కనబడలేదు. జోల పాడిన ఒరియాలో పాడును, తిట్టిన తెలుగులో తిట్టును. అరిసెను అరిసాపిఠా యనెడిది. మేము నవ్వినచో రెండవది పెట్టెడిది కాదు.

నాయనమ్మ ఈ ప్రాంతపు మనిషియే. పలాసనుండి మందస రోడ్డునకు పోవు ప్యాసింజరు బండి ఆమెకు గడియారము. దాని కూత విని పొయ్యిమీది చోడంబలి దింపెడిది. తిథివారములు తప్పక చెప్పగలదు గాని సంవత్సరపు సంఖ్య యెఱుగదు. "పెద్దగాలి ఏడు", "తుపాకులు పేలిన ఏడు" - ఇదియే యామె లెక్క. మా తండ్రిగారి వయస్సును గూడ మేమా లెక్కతోనే తెలిసికొంటిమి.

ఆమె చేతులను గూర్చి చెప్పక తప్పదు. జీడిపిక్కలు కాల్చి కొట్టి కొట్టి వ్రేళ్లకొనలు నల్లబడి, చర్మము పొరలుగా లేచి యుండెడిది. పిక్కతొక్కలోని నూనె చర్మమును కాల్చును. ఆమె చేతులకు బూడిద రాచుకొని మరల పనికి కూర్చుండెడిది. గుండుపప్పు షావుకారునకు, విరిగిన ముక్కలు మాకు. రాత్రి అరుగుమీద అడ్డచుట్ట వెలిగించి, నిప్పుకొనను నోటిలోనికి పెట్టుకొని కథ చెప్పెడిది. నోట నిప్పున్నను మాట తడబడదు! (అది అంగిటికి చేటని వైద్యులందురు, నిజమే. ఆమెకు చెప్పగలవారెవరు?)

ఆమె చెప్పినది రాజుల కథ కాదు, అడవి కథ. మందస జమీందారీలో రైతు వంటచెఱకు తెచ్చుకొనుటకును, పొలమునకు ఆకుఎరువు కోసికొనుటకును అడవిలో అడుగిడిన అడ్డంకులే. 1940 మార్చిలో పలాసయందు అఖిల భారత కిసాను మహాసభ జరిగినది. ఆ దినములలోనే మందస రైతులు గుంపులుగా అడవిలో ప్రవేశించి కట్టెలు కొట్టిరి. ఏప్రిలు 1వ తేదీన రైతులను పట్టుకొనుటకు పోలీసులు గుడారి రాజమణిపురమునకు రాగా స్త్రీలడ్డుపడిరి. వారిలో ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ తుపాకిగుండునకు నేలకూలెను. మరికొందరు రైతులును హతులైరి. ఆమెనే మనము నేడు వీరగున్నమ్మ యనుచున్నాము.

ఇంతవరకు పుస్తకములలో నున్నది. అందులేనిది నాయనమ్మ చెప్పెడిది. కబురు తెలిసిన రాత్రి మా పల్లె స్త్రీలు పెరడులలోని కట్టెలమోపులు మోసికొనిపోయి, పోలీసుల కంటబడకుండ చెఱువులో ముంచిరట. వారము దినములు ఏ యింటను పొయ్యి వెలుగలేదు. పిల్లలకు తడి అటుకులు పెట్టి, పెద్దలు మంచినీళ్లు త్రాగి పరుండిరి. ఎనిమిదవనాడు కట్టెలు తీసి ఎండబెట్టిరి.

"తడిసిన కట్టెలు మండినాయా?" యని నేనడిగితిని.

"ఎండితే మండవేటిరా గుంటా!" యనెను.

"గున్నమ్మను నీవు చూచితివా?"

"సూడనేదు. నా యీడుదే" యని చుట్ట ఆర్పివేసెను. ఆ రాత్రి మరి కథ సాగలేదు.

1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చినది. ఆ చట్టమునకై పాటుపడిన నాయకుల పేర్లు మనకు కంఠస్థములు, వారు పూజ్యులే. చెఱువులో మోపులు ముంచిన వారి పేర్లొక్కటియు ఏ దస్తరములోను లేవు. మా నాయనమ్మ నాటిన పనసచెట్టొకటి ఆమె గుర్తుగా మిగిలియుండెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని కూల్చినప్పుడు అదియు పోయినది.

ఇప్పుడు వేఱొక భయము. దశాబ్దములుగా ఈ ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి స్త్రీపురుషులను కబళించుచున్నది. కారణమిదియని వైద్యులింకను నిశ్చయింపలేదు. 2023లో పలాసలో ఆసుపత్రి వెలసినది, హిరమండలమునుండి గొట్టములలో నీరు వచ్చినది, సంతోషమే. కాని మనుమలకు కథ చెప్పు వయస్సు రాకమునుపే పోయినవారు ఎన్ని యిండ్లలో లేరు? ఆ యిండ్లలో పిల్లలకు "తుపాకులు పేలిన ఏడు" అనగా నేమో చెప్పువారెవరు?

మా పల్లెలో తొంబదియైదేండ్ల అవ్వ యొకతె యున్నది. గున్నమ్మ కూలిననాడు ఆమె పదేండ్ల పిల్ల. రేపు ఉదయమున ఆమె కడకు పోవుచున్నాను. వ్రాయగలవారెవరైన కాగితము, కలము తీసికొని నాతో రండు. ఆమెకు చెవులు సరిగా వినబడవు. దగ్గర కూర్చుండి గట్టిగా అడుగవలెను.