అమ్మానాన్న వలసపోతే

పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు కూలికి పోయే కుటుంబాలెన్నో. పిల్లలేమో అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంటారు. అట్లాంటి పిల్లవాడు బడిలో కొట్లాడినా, మాట్లాడకుండా కూర్చున్నా మొండివాడని అనకండి. చాలాసార్లు అది బెంగ. బెంగతో ఉంటే పాఠం తలకెక్కదు.

టీచర్లూ, పక్కకు పిలిచి అడగండి: "అమ్మ యాదికొస్తుందా బిడ్డా?" చెప్పనివ్వండి. నడుమ సలహాలొద్దు. కోపం రావడం తప్పు కాదు, కొట్టడం తప్పు అని నిదానంగా చెప్పండి.

అవ్వలూ, తాతలూ, "ఏడ్వకురా" అనే ముందు కాసేపు పక్కన కూర్చోండి.

దూరాన ఉన్న అమ్మానాన్నలూ, రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. మార్కుల సంగతి తర్వాత. ఇవాళ ఎవరితో ఆడుకున్నావని ముందు అడగండి. ఆ వేళ మాత్రం తప్పొద్దు.

పిల్లల్ని ఎవరైనా వేధిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మళ్లీ చెప్తున్నా: ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. పైసలు పడవు.