ప్రపంచ విపణి - రాష్ట్రము సిద్ధపడుట ఎట్లు?

అనకాపల్లి మార్కెట్టుకు వచ్చు బెల్లపు దిమ్మ ధర శారదానది ఒడ్డుననే తేలునని పెద్దలు తలచెడివారు. నేడు ఆ మాట పూర్తిగ చెల్లదు. బ్రెజిల్ దేశమున చెరకు విరివిగ పండిన యేట ప్రపంచమున పంచదార ధర దిగును. మన ఎగుమతులు మందగించును. మిగులు సరకు దేశములోనే పేరుకొనును. ఆ బరువు తుదకు చెరకు రైతు మీదనే పడును. ప్రపంచీకరణ మనగా మనకు తెలిసినది ఇదియే.

మన రాజ్యాంగమున విదేశ వాణిజ్యము కేంద్ర జాబితాలోను, వ్యవసాయము రాష్ట్ర జాబితాలోను ఉన్నవి. ఒప్పందమునకు సంతకము ఢిల్లీ చేయును. ఫలము అనుభవించునది పల్లె. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. చెరకునకు మన దేశము చట్టబద్ధముగ ఇచ్చు ధర అనుమతించిన మేరను మించినదని బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాల దేశములు 2019లో అచ్చట ఫిర్యాదు చేసినవి. 2021 డిసెంబరులో విచారణ మండలి వారి పక్షమున తీర్పు చెప్పగా, భారతదేశము అప్పీలు చేసినది. జెనీవాలో నడచిన ఈ వ్యాజ్యము చోడవరపు రైతుకు సంబంధించినదే.

అట్లయిన రాష్ట్ర ప్రభుత్వము చేయగలిగినది లేదా? చాల ఉన్నది.

మొదటిది, ముందుచూపు. ఒప్పందముల చర్చ సాగుచుండగనే ఏ పంటకు, ఏ వృత్తికి ఏమి జరుగునో లెక్కగట్టి కేంద్రమునకు తెలుపు నిపుణుల శాఖ యొకటి రాష్ట్రమునకు ఉండవలెను. సంతకమైన పిమ్మట వ్రాసిన వినతిపత్రము ఏ పనికిని రాదు.

రెండవది, నాణ్యత. బెల్లము పచ్చగ మెరయుటకు పాకములో హైడ్రోసు కలుపు అలవాటు మన గానుగల వద్ద కలదు. విదేశమున కొనువాడు రంగును చూడడు, పరీక్షాపత్రమును అడుగును. అనకాపల్లిలో 1913లో స్థాపితమైన చెరకు పరిశోధనా కేంద్రము ఉన్నది. అచ్చటి విజ్ఞానము గానుగ దాక నడచి రావలెను. మార్కెట్టులోనే పరీక్షాశాల ఉండవలెను. శుభ్రమైన బెల్లమునకు హెచ్చు ధర దక్కవలెను.

మూడవది, చేతిపనుల రక్షణ. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2021 జనవరి నుండి బొమ్మలకు నాణ్యతాముద్ర తప్పనిసరి చేసినపుడు, నమోదైన హస్తకళాకారులకు కేంద్రము మినహాయింపు నిచ్చినది. నమోదు కాని వానికి ఆ మేలు అందదు. కళాకారుల పేర్లు నమోదు చేయించుట, అంకుడు కఱ్ఱ అందునట్లు చెట్లు పెంచుట రాష్ట్రపు పనులు.

నాల్గవది, శ్రామికుల క్షేమము. అచ్యుతాపురమున శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వస్త్రనగరము నెలకొల్పగా, వేలాది స్త్రీలకు పని దొరకినది. ఇది ప్రపంచీకరణ ఇచ్చిన మేలు, కాదనరాదు. కాని ఆ ప్రాంతముననే 2024 ఆగస్టు 21న ఒక మందుల కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 17 మంది మరణించిరి. పెట్టుబడిని పిలుచు ప్రభుత్వమే తనిఖీని గట్టిగ నడుపవలెను. రాయితీలలో రాష్ట్రములు పోటీ పడవచ్చును. ప్రాణరక్షణలో మాత్రము తగ్గింపు ఉండరాదు.

తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారము మూతపడినది. దానికి విదేశపు పోటీయే కారణమని మేము చెప్పము. కాని కర్మాగారము మూతపడిన నాడు రైతు చెరకు ఎచ్చటికి తోలవలెను, కార్మికుడు ఏ పని నేర్వవలెను అను ప్రశ్నలకు సమాధానము ముందుగనే సిద్ధముగ నుండవలెను. బకాయిల చెల్లింపునకు నిధి, మారుపంటకు విత్తనము, క్రొత్త పనికి శిక్షణ, ఈ మూడును బడ్జెటులో చోటు చేసికొనవలెను.

తుపాను రాకను మనము ఆపలేము. అయినను తీరమున ఆశ్రయములు కట్టి, హెచ్చరికలు పంపి, ప్రాణనష్టమును తగ్గించుట మన రాష్ట్రము నేర్చినది. విపణిలో వచ్చు గాలివానకును అట్టి ఏర్పాటే కావలెను.