హృద్రోగ మరణాలు ఎందువలన తగ్గినవి?

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

బడి పండుగనాడు హృద్రోగ ప్రస్తావన ఎందులకని కొందరికి తోచవచ్చును. డెబ్బది అయిదేళ్ళు అనునది ఒక పాఠశాలకు ఎంత వయస్సో, హృద్రోగ కారణాలను శాస్త్రీయంగా వెదకిన ప్రయత్నానికి కూడ ఇంచుమించు అంతే వయస్సు. అంతకుముందు గుండెపోటు అనగా విధివ్రాత. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించిన నాడు ఆయన రక్తపోటు 300/190. ఏండ్ల తరబడి పెరుగుచు వచ్చిన ఆ రక్తపోటును చూచిన ఆంతరంగిక వైద్యుడు, అది వయస్సుకు తగినదేనని చెప్పుచు వచ్చారు. దేశాధ్యక్షునికే లభించిన వైద్య విజ్ఞానం ఆనాడు అంతమాత్రమే.

మూడేళ్ళకు, 1948లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ అను చిన్న పట్టణంలో పరిశోధకులు 5,209 మంది స్త్రీ పురుషులను ఎన్నుకొని, రెండేళ్ళకొకసారి పరీక్షించుచు, ఎవరికి గుండెపోటు వచ్చుచున్నదో, వారిలో ముందుగా ఏ లక్షణాలున్నవో వ్రాసి ఉంచారు. అధిక రక్తపోటు, రక్తంలో అధిక కొలెస్టరాల్, పొగత్రాగుట మొదలైన వాటిని కలిపి ‘ప్రమాద కారకాలు’ అనుట 1961లో ఆ పట్టణపు ఫలితాలతోనే ప్రచారంలోనికి వచ్చినది. విధివ్రాతకు తొలిసారిగా కారణాల పట్టిక దొరికినది.

ఇంతలో మరొక వింత జరిగినది. అమెరికాలో ఏటేటా పెరుగుచుండిన హృద్రోగ మరణాల రేటు 1968 ప్రాంతంలో శిఖరాన్ని అందుకొని దిగజొచ్చినది. ఎందువలన దిగినదో ఎవరికిని తెలియలేదు. 1978లో బెథెస్డా నగరంలో ఇందుకొరకే ఒక సదస్సు జరిపి, ఘనత ప్రజల అలవాట్లదా, వైద్యులదా అని తర్కించారు కాని తేల్చలేకపోయారు. పదవ తరగతి ఫలితాలు మెరుగైన సంవత్సరం, అది జూన్ నుండి సాగిన బోధన ఫలమా, ఫిబ్రవరిలో పెట్టిన ప్రత్యేక తరగతుల ఫలమా అని ఉపాధ్యాయుల గదిలో సాగు చర్చ వంటిదే ఇది. ప్రత్యేక తరగతులు పెట్టినవారు ఒకటి చెప్పుదురు, తక్కినవారు మరొకటి చెప్పుదురు.

అలవాట్ల పక్షం వారు తరచుగా చూపించునది ఫిన్లాండు. 1960 దశకం చివర ప్రపంచంలో హృద్రోగంతో అత్యధికంగా మరణించుచుండినవారు ఫిన్లాండు పురుషులు. అందులోను తూర్పు సరిహద్దున గల ఉత్తర కరేలియా మండలం మరీ ఘోరం. అడవులలో చెట్లు కొట్టి, పాడి పశువులను పోషించుకొని బ్రతుకు కష్టజీవులు వారు. సోమరితనం వలన వచ్చిన రోగమని అనుటకు వీలు లేదు. రొట్టెకు వెన్న, వంటకు వెన్న, త్రాగుటకు వెన్న తీయని పాలు; పురుషులలో అధిక సంఖ్యాకులకు పొగాకు. నడివయస్సులోనే ఇంటి యజమానులు పోవుచుండగా చూచి సహింపలేక, 1971లో ఆ మండల ప్రజాప్రతినిధులు ప్రభుత్వానికి విజ్ఞాపన పంపారు. మరుసటి ఏడు పెక్కా పుస్కా అను యువవైద్యుని నాయకత్వంలో కార్యక్రమం ఆరంభమైనది.

ఆ కార్యక్రమం ఆసుపత్రిలో మొదలు కాలేదు, వంటిండ్లలో మొదలైనది. మార్థా సంఘమను గృహిణుల సంస్థవారు ఊరూరా తిరిగి కొవ్వు, ఉప్పు తగ్గించి, కూరగాయలు పెంచి వండు విధానం చేసి చూపించారు. కొలెస్టరాల్ ఎక్కువగా తగ్గించుకొన్న గ్రామానికి బహుమతి అని పోటీలు పెట్టారు. మాంసపు సాసేజీలు చేయువారు కొవ్వుకు బదులు కొంత పుట్టగొడుగులను కలుపుటకు అంగీకరించారు. వెన్న అమ్మకం పడిపోయిన పాడి రైతుల గతి ఏమిటను ప్రశ్న రాగా, ఆ చలిప్రదేశంలో పండు బెర్రీ పండ్ల సాగుకు ప్రోత్సాహం లభించినది. జీవనోపాధికి దారి చూపక అలవాటు మార్చుకొమ్మని చెప్పుట వ్యర్థమని వారు గ్రహించిరనుటకు ఇదొక్కటి చాలును. 1969–71 నాటితో పోల్చగా 2014 నాటికి, 35 నుండి 64 ఏండ్ల వయస్సు గల పురుషులలో హృద్రోగ మరణాల రేటు అయిదింట నాలుగు వంతులకు మించి తగ్గినది. పోలిక కొరకు ఎన్నుకొన్న పొరుగు మండలం కుయోపియోలో కూడ మరణాలు బాగుగా తగ్గినవి గనుక, అంతా ఈ కార్యక్రమం ఘనతేనా అని విమర్శకులు అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. మంచి అలవాటు మండలపు హద్దు వద్ద ఆగదని కార్యకర్తల సమాధానం.

చికిత్స పక్షం వారి వాదం కూడ తక్కువ బలమైనది కాదు. 1988లో వెలువడిన ఐసిస్-2 అను పరిశోధనలో, గుండెపోటు వచ్చినట్లు అనుమానమున్న 17,187 మందిని పరిశీలించారు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించు స్ట్రెప్టోకైనేజ్ సూదిమందు ఇచ్చినవారిలో అయిదు వారాలలోపు గుండె, రక్తనాళాల జబ్బుతో సంభవించు మరణాలు 25 శాతం తగ్గినవి. ప్రతి ఇంటిలో తలనొప్పికి వాడు చవక మందు యాస్పిరిన్ ఒక్కటే 23 శాతం తగ్గించినది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు తగ్గుదల 42 శాతం. 1994లో స్కాండినేవియా దేశాల పరిశోధన, హృద్రోగులలో కొలెస్టరాల్ తగ్గించు స్టాటిన్ మాత్రలు మొత్తం మరణాలనే 30 శాతం తగ్గించునని నిరూపించినది.

ఇక ఎవరి వాటా ఎంత? బ్రిటన్‌లో రూపొందిన ‘ఇంపాక్ట్’ అను లెక్కింపు విధానం ఈ తగవు తీర్చుటకు పూనుకొన్నది. ఒక్కొక్క చికిత్స ఎందరికి అందినది, అది మరణాలను ఎంత తగ్గించును, ఒక్కొక్క ప్రమాద కారకం ప్రజలలో ఎంత తగ్గినది లేక పెరిగినది అని విడివిడిగా గుణించి కూడుటయే దాని పద్ధతి. ఈ విధంగా అమెరికాను గురించి చేసిన లెక్క 2007లో ప్రచురితమైనది. 1980లో లక్ష మంది పురుషులకు 542.9గా ఉన్న హృద్రోగ మరణాల రేటు 2000 నాటికి 266.8కి దిగినది. స్త్రీలలో 263.3 నుండి 134.4కి దిగినది. ఈ తగ్గుదలలో చికిత్సల వాటా 47 శాతం, ప్రమాద కారకాల మార్పు వాటా 44 శాతం. అనగా ఇద్దరూ గెలిచినట్లే.

ఆ 44 శాతాన్ని విప్పి చూచుట పై తరగతుల పిల్లలకు మంచి అభ్యాసం. కొలెస్టరాల్ తగ్గుట వలన 24, రక్తపోటు తగ్గుట వలన 20, పొగత్రాగుట తగ్గినందున 12, శరీర శ్రమ పెరిగినందున 5, మొత్తం 61. కాని అదే ఇరువది ఏండ్లలో ఊబకాయం పెరిగి 8, మధుమేహం పెరిగి 10 వెనుకకు లాగినవి. మిగిలినది 43 కదా అని చురుకైన పిల్లలు లేచి అడుగుదురు. దశాంశాలను వదలివేయుటలో వచ్చిన తేడా అది. ఒక చేతితో సంపాదించిన దానిలో దాదాపు మూడవ వంతు మరొక చేతితో పోగొట్టుకొన్నారన్నది అసలు విషయం.

చికిత్సల 47 శాతంలోను ఒక వింత కలదు. దీర్ఘకాల గుండెనొప్పికి చేయు బైపాస్ శస్త్రచికిత్స, బెలూన్ చికిత్స వంటి వాటి వాటా 5 శాతం మాత్రమే. ఒకసారి గుండెపోటు వచ్చి బయటపడినవారికి రెండవది రాకుండ ఇచ్చు మందులు మొదలగు వాటి వాటా 11 శాతం. పత్రికలలో పడునది మొదటిది, ఇంటిలో మరచిపోవునది రెండవది.

ఈ పాళ్ళు అన్ని దేశాలకు ఒక్కటే కావు. ఫిన్లాండులో 1982 నుండి 1997 వరకు చూడగా చికిత్సల వాటా 23 శాతం, ప్రమాద కారకాల వాటా సగానికి మించినది. చైనా రాజధాని బీజింగ్‌లో లెక్క తలక్రిందులైనది. 1984 నుండి 1999 వరకు వైద్యం మెరుగగుచునే ఉండినను, హృద్రోగ మరణాల రేటు పురుషులలో 50 శాతం, స్త్రీలలో 27 శాతం పెరిగినది. ఆహారం మారి కొలెస్టరాల్ పెరుగుట అందుకు ముఖ్య కారణం. ఆసుపత్రులు ఎంత పెరిగినను వంటిల్లు గెలువగలదని బీజింగ్ చూపినది.

తెలుగువారి విషయం ఈ రెంటిలో ఎటు పడును? 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన మరణాలన్నిటిని ఇంటింటా విచారించి నమోదు చేయగా, 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలినది. అవి పట్టణాలు కావు, వరి పండించు పల్లెలు. ఇది ధనవంతుల జబ్బని ఇంకను అనువారు ఈ లెక్క చూడవలెను. 2004లో 52 దేశాల పరిశోధన, మొదటి గుండెపోటు దక్షిణాసియా వారికి తక్కిన దేశాల వారికంటె సుమారు ఆరేళ్ళు ముందుగా, సగటున 53వ ఏట వచ్చుచున్నదని చూపినది. ఈ సభలోని పూర్వ విద్యార్థులలో అనేకుల వయస్సు అదే.

పలు దేశాలలో సాగిన ప్యూర్ పరిశోధన 2014లో మరొక చిక్కు విషయం బయటపెట్టినది. ప్రమాద కారకాలు ఎక్కువగా ఉన్నది ధనిక దేశాల వారిలో. మరణాలు ఎక్కువగా ఉన్నది బీద దేశాలలో. గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చిన తరువాత ధనిక దేశాలలో నూటికి 6.5 మంది, భారతదేశం చేరిన బీద దేశాల జాబితాలో నూటికి 17.3 మంది మరణించుచున్నారు. అదే బృందం 2011లో చెప్పిన లెక్క ఇందుకు కారణం తెలుపును: ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో నిరూపితమైన మందులలో ఒక్కటియు వాడనివారు ధనిక దేశాలలో 11 శాతం, బీద దేశాలలో 80 శాతం. యాస్పిరిన్ మాత్ర ఖరీదు తెలిసినవారికి ఈ అంకె కష్టం కలిగించును. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద శస్త్రచికిత్సలను పేదలకు అందుబాటులోనికి తెచ్చినది. అది గొప్ప మేలే. అయితే ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన పిమ్మట ప్రతి ఉదయం వేసుకొనవలసిన మాత్ర వేరొక ప్రశ్న.

బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల కేంద్రంగా సాగిన ‘క్రియేట్’ పరిశోధన 2008లో వెలువడినది. దేశంలోని 89 ఆసుపత్రులలో చేరిన 20,937 మంది రోగుల వివరాలు అందులో ఉన్నవి. తీవ్రమైన గుండెపోటు వచ్చినవారు ఆసుపత్రి చేరుటకు పట్టిన కాలం మధ్యస్థంగా ఆరు గంటలు. చేరిన తరువాత గడ్డ కరిగించు మందు పడుటకు యాబది నిమిషాలు. అజీర్తి అని, వాయువని ఇంటిలోను దారిలోను గడిచిన గంటలే హెచ్చు. ముప్పది రోజులలోపు మరణించినవారు ధనికులలో 5.5 శాతం, పేదలలో 8.2 శాతం. పేదల శరీరం బలహీనమైనదా, రోగం తీవ్రమైనదా అని పరిశోధకులు లెక్కలు సరిచూచారు. వయస్సును, ప్రమాద కారకాలను సరిచేసి చూచినను తేడా పోలేదు. అందిన చికిత్సలను సరిచేసి చూడగానే ఆ తేడా మాయమైనది.