మాస్టారికి బాకీ ఉన్న జవాబు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఓ పావుగంట మాట్లాడండి, కరెంటు గురించి మాత్రం వద్దు" అన్నారు. ముప్పయ్యేళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాడికి ఇంకేం తెలుస్తుందండీ? "పోనీ, మీకిష్టమైన పాటల గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఆ రాత్రి పాత బీరువా తెరిచి క్యాసెట్లూ సీడీలూ కింద పరిచాను. మా ఆవిడ చూసి, "వీటిలో సగం ఒక్కరివేగా" అంది. నిజమే. సగానికి పైగా ఉప్పలపు శ్రీనివాస్ గారివే. అదేనండి, మాండొలిన్ శ్రీనివాస్. కాబట్టి ఆయన గురించే చెప్తాను. అయితే ఆయన సంగతి చెప్పాలంటే నేను ఈ ఊళ్లో నలభై ఏళ్లు దాచిన ఓ మాట కూడా చెప్పాలి.

మన అన్నవరంలో పెరిగిన పిల్లలకి సంగీతం వెతుక్కుంటూ వెళ్లే వస్తువు కాదు. తెల్లారకముందే కొండ మీంచి మైకు వినపడేది. ముహూర్తాలున్నాయంటే ఊరంతా సన్నాయి, డోలు. రాత్రయితే ఊరేగింపులో బ్యాండుమేళం. ఇళ్లల్లో పొద్దున్నే రేడియోలో విజయవాడ కేంద్రం భక్తిరంజని. బాలమురళీకృష్ణ గారిది కోనసీమలో శంకరగుప్తం కాబట్టి మా వీధిలో పెద్దవాళ్లు ఆయన్ని దగ్గర చుట్టంలా చెప్పుకునేవారు.

ఆ బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే మనిషి మా నాన్న.

మీలో కొందరికి ఆ రోజుల్లోనే తెలిసుండొచ్చు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. క్లాసులో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే లేచి నిలబడి "వ్యవసాయమండీ" అనేవాణ్ణి. మాకు సెంటు భూమి లేదు. ఒకసారి నలుగురు స్నేహితులతో బడి నుంచి వస్తుంటే ఎదురుగా పెళ్లి ఊరేగింపు వచ్చింది. ఎర్రకోటు, జరీ పట్టీ, బుగ్గలు పొంగించి ఊదుతున్న మా నాన్న. నేను గబుక్కున పక్కనున్న గాజుల కొట్టు వైపు తిరిగి గాజులు చూడడం మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి కుర్రాడికి గాజులెందుకండీ? మా నాన్న నన్ను చూశాడు. చూసి, క్లారినెట్ నోట్లోంచి తియ్యకుండానే, తన ముఖం అవతలి వైపు తిప్పుకున్నాడు. నా పరువు పోకుండా ఆయన చేసిన పని అది. ఇంటికెళ్లాక ఆ మాటే ఎత్తలేదు.

అది 1983. ఆ రోజుల్లోనే మన సైన్సు మాస్టారు ధ్వని పాఠం చెప్పడానికి ఓ టేపురికార్డరు తెచ్చారు. మాస్టారూ, మీరు ఈ వేదిక మీదే ఉన్నారు, మీకు గుర్తుందో లేదో. తీగ పొడవు తగ్గితే ఏమవుతుంది, బిగువు పెరిగితే ఏమవుతుంది అని బల్ల మీద సూత్రాలు రాసి, ఆ తర్వాత రేడియోలోంచి మీరు టేపు చేసుకున్న ఓ కచేరీ పెట్టారు. "ఇదే వాద్యం?" అన్నారు. ఒకడు వీణ అన్నాడు, ఒకడు గిటారు అన్నాడు. "మాండొలిన్. వాయించేది మీ ఈడు కుర్రాడే. పాలకొల్లు వాడు" అన్నారు.

నాది 1969. శ్రీనివాస్ గారూ 1969 ఫిబ్రవరిలోనే పాలకొల్లులో పుట్టారు. ఆయన నాన్నగారి పేరు సత్యనారాయణ. మన ఊళ్లో కేక వేస్తే పదిమంది పలికే పేరు! తొమ్మిదేళ్లకి, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1981 డిసెంబరు సీజనులో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ. మనం ధ్వని పాఠం వింటున్న ఆ 1983లోనే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించి వచ్చారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒక్కటే, నా వయసువాడొకడు అలా వాయిస్తున్నాడని. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

బెల్లు కొట్టాక మాస్టారు నన్ను పిలిచి, క్యాసెట్టూ టేపురికార్డరూ నా చేతిలో పెట్టి, "మీ నాన్నగారికి వినిపించు. ఆయన ఏమన్నారో రేపు నాకు చెప్పు" అన్నారు. వ్యవసాయం చేసుకునే మనిషికి మాండొలిన్ కచేరీ వినిపించమనడమేమిటని మిగతావాళ్లు వింతగా చూశారు. మాస్టారికి తెలుసన్నమాట. నేను తలెత్తలేదు.

ఆ రాత్రి మా నాన్న పెళ్లి నుంచి ఆలస్యంగా వచ్చాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే టేపు పెట్టాను. "ఖరహరప్రియ" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. టేపు అయిపోయాక మళ్లీ వెనక్కి తిప్పమన్నాడు. రెండోసారి విని, "ఒరేయ్, ఈ కుర్రోడికి నేర్పినాయన మాండొలిన్ వాద్యగాడు కాదురా. పాడేవాడు" అన్నాడు.

ఎలా తెలుసని అడిగాను.

"మీటేవాడికి ఊపిరితో పనేముంది? చెయ్యి నొప్పెట్టేదాకా మీటుకుంటూ పోవచ్చు. వీడు చూడు, ఎక్కడ ఆగుతున్నాడో. పాడేవాడు ఊపిరి తీసుకోవాల్సిన చోట ఆగుతున్నాడు. ఊదేవాడికి తెలుస్తుందది."

నేను నమ్మలేదు. బ్యాండులో ఊదే మనిషికి ఇంత తెలుస్తుందా అనుకున్నాను. మర్నాడు మాస్టారు అడిగితే "బాగుందన్నారండీ" అని క్యాసెట్ తిరిగిచ్చేశాను. అంతే చెప్పాను.

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పనివ్వండి, కార్యదర్శి గారు క్షమించాలి. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. జంటలో రెండు తీగలకీ ఒకే శ్రుతి. గమకం కోసం తీగని పక్కకి లాగితే రెండూ సరిగ్గా ఒకే మేర పైకి లేవాలి. ఏమాత్రం తేడా వచ్చినా ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పైగా డొల్ల పెట్టె వాద్యం. తీగ శక్తంతా ఆ చెక్కని ఊపడానికే ఖర్చయిపోతుంది, స్వరం పుట్టిన మరుక్షణం చచ్చిపోతుంది. అందుకే సినిమా పాటల్లో మాండొలిన్ ఎప్పుడూ గబగబా మీటుతూనే ఉంటుంది. ఆపితే శబ్దం ఉండదు కదా! శ్రీనివాస్ గారు జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. నాలుగు జంటల బదులు ఐదు తీగలు. డొల్ల పెట్టె వదిలేసి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. గట్టి చెక్క, తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఉక్కు తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. మన జనరేటరుకి బుల్లి తమ్ముడు. దాంతో స్వరం నిలబడింది. స్వరం నిలబడ్డాక దాన్ని ఊపొచ్చు, జారవిడవొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, కావాలనుకున్న చోట ఆపొచ్చు.

ఇంకో చిన్న ముచ్చట. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు సెకనుకి వంద కంపనాల మీద రొద చేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడేవాడికి మంద్ర పంచమం 98 దగ్గరుంటుంది. అంటే ఇంచుమించు అదే. నైట్ డ్యూటీల్లో ఆ రొదే నా తంబురా. దాని మీద నేను తీసిన కూనిరాగాలు వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియవు. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు.

సరే, నా బీరువాలో ఉన్నవాటిలో మూడు చెప్తాను. 1994లో ఇంగ్లండులో పీటర్ గేబ్రియల్ గారి రియల్ వరల్డ్ సంస్థ తెచ్చిన 'రామ శ్రీరామ' మొదటిది. ఏ హంగూ లేని కచేరీ వాద్యం. కర్ణాటక సంగీతం తెలియని మిత్రులకి నేను ముందు ఇదే ఇస్తాను. ఏడాది తర్వాత అదే సంస్థ నుంచి మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి 'డ్రీమ్'. అందరూ మెచ్చుకున్నారు గానీ నాకు అది పొగమంచులో కొండని చూసినట్టుంటుంది. మెట్లెక్కే సుఖం లేదు. మూడోది 2000లో వచ్చిన 'ద బిలీవర్'. జాన్ మెక్‌లాగ్లిన్, జాకీర్ హుస్సేన్, సెల్వగణేశ్, శ్రీనివాస్ కలిసి రిమెంబర్ శక్తి పేరుతో చేసిన కచేరీల రికార్డు. మెక్‌లాగ్లిన్ ఈయనకంటే ఇరవయ్యేడేళ్లు పెద్ద. డెబ్భైల్లో మొదటి శక్తి బృందం నాడు మన గమకాల కోసం ఆయన గిటారు మెట్ల మధ్య చెక్కని లోతుగా తొలిపించుకున్నారు. ఇంగ్లండు మనిషి మన సంగీతం కోసం తన వాద్యాన్ని మార్చుకున్నాడు, పాలకొల్లు కుర్రాడు మన సంగీతం కోసం ఇటలీ వాద్యాన్ని మార్చాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద. జనం వాళ్ల వేగానికి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు వేళ్లు కదపకుండా వినే ఘట్టాలే ఇష్టం.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ గారు చెన్నైలో పోయారు. నలభై అయిదేళ్లు. మర్నాడు డ్యూటీలో టీ తాగుతూ ఆయన జీవిత విశేషాలు చదువుతున్నాను. తండ్రి మాండొలిన్ పట్టుకుని అయిదేళ్లకే మొదలుపెట్టడం, వాసూరావు గారనే గిటారిస్టు దగ్గర ఏడేళ్ల వయసులో పాశ్చాత్య సంగీతం పరిచయం కావడం ఉన్నాయి. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి సంగతి. ఆ పేరు నాకు కొత్త కాదు. ఆయనా మాండొలిన్ వాద్యకారుడే అయి ఉంటారని అన్నేళ్లూ అనుకున్నాను. కాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రజ్ఞులు. మాండొలిన్ వాయించడం ఆయనకి రాదు. ఆయన పాడేవారు, ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఆ పాటని తీగల మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు, అనుసరించడానికి గొంతు ఒక్కటే ఉంది.

ఆ పేరా మూడుసార్లు చదివాను. టీ చల్లారిపోయింది. మా నాన్న పోయి అప్పటికి ఇరవై రెండేళ్లు.

మా నాన్న చదివింది అయిదో తరగతి. తమిళనాడులో ఎ.కె.సి. నటరాజన్ గారు అదే క్లారినెట్ మీద పెద్ద కచేరీలు చేస్తారని తెలిసి, రాత్రిళ్లు రేడియోలో మద్రాసు స్టేషన్ కోసం గరగర మధ్య చెవి ఆనించి కూర్చునేవాడు. అది క్లారినెట్ కోసమని అప్పట్లో నాకు తట్టలేదు. నిద్ర పాడవుతోందని విసుక్కునేవాణ్ణి. 2008లో నటరాజన్ గారికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చిందని చదివినప్పుడు కూడా, ఎవరికి చెప్పాలో తెలియక పేపరు మడిచి పెట్టేశాను.

మాస్టారూ, మీరు ఆ రోజు నన్ను ఓ ప్రశ్న అడిగారు. నేను సగం జవాబే చెప్పాను. మా నాన్న "బాగుంది" అనలేదండీ. ఆ కుర్రాడికి నేర్పినాయన పాడేవాడన్నాడు. ఊపిరి తీసే చోటు విని పట్టుకున్నాడు. రెండుసార్లు వినేసరికి తెలిసింది ఆయనకి. నాకు ముప్పై ఒక్కేళ్లు పట్టింది.

ఈ సంచిక కోసం సంఘం వాళ్లు పంపిన ఫారంలో తండ్రి పేరు, తండ్రి వృత్తి అని రెండు గడులున్నాయి. బడిలో ఉన్నప్పుడు తప్పు చెప్పాను కాబట్టి ఈసారి పెద్ద అక్షరాలతో నింపాను. క్లారినెట్ వాద్యకారుడు. సంపాదకులు దయచేసి అచ్చుతప్పులు లేకుండా చూడాలి. 'క్ల' కింద వత్తు పోగొట్టకండి.