గూడెం పెద్దలు, సంఘ పెద్దలు



ద్వితీయోపదేశకాండము 1వ అధ్యాయం తెరచి చూడండి. పెద్దలు కావలసి వచ్చినప్పుడు మోషే తనకు నచ్చినవారి పేర్లు రాసుకోలేదు. మీ గోత్రాలలో మీరెరిగినవారిని మీరే తెచ్చుకోండి అన్నాడు.

జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన కుమురం భీం అడిగింది ఇదే గదా, మా పన్నెండు ఊళ్లను మేమే ఏలుకుంటామని! 1996 పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకు తన ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకొనే అధికారముందని ఒప్పుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అంతకుముందు పెద్ద ఊరి సర్పంచ్ దయ తలిస్తేనే తండాకు నల్లా, వీధిదీపం.

అయితే సభ జరపకుండా, రిజిస్టరు ఇంటింటికీ పంపి వేలిముద్రలు వేయించుకుంటే ఏం లాభం? గెలిచిన స్త్రీ పొయ్యి దగ్గర, కుర్చీలో ఆమె భర్త! సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు సర్వసమాజం ఎదుట నిలబడి తమ భూమి సంగతి తామే మాట్లాడారు (సంఖ్యా. 27). దేవుడు వారి మాట న్యాయమన్నాడు.

తుర్కపల్లి, శామీర్‌పేట వైపు సంఘ కాపరులారా, తండాల నుండి వచ్చే విశ్వాసులను కూడికలకు పిలుస్తున్నాం, సంతోషమే. సంఘ కమిటీలోకి పిలుస్తున్నామా? వచ్చే జనరల్ బాడీలో లెక్కల పుస్తకం వారి చేతికి కూడా ఇవ్వండి. చదువురానివారికి చదివి వినిపించండి.