అంతర్జాలపు పనిముట్లు - మన యువకుల కర్తవ్యము

(వార్షిక మహాసభయందు జరిగిన యుపన్యాసము)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములనుండి వ్యయప్రయాసల కోర్చి విచ్చేసిన కులబాంధవుల యెదుట నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినందులకు కృతజ్ఞులము. సంఘచరిత్రమును గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు చెప్పవలసినదానిని మాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పియే యున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము వేరు. మగ్గపు గుంట దిగని పిల్లలు నేడు మన యిండ్లలో పెక్కుమంది కలరు. వారు కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము సంపాదింపగోరుచున్నారు. వారి తలిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, మావాడు ఏ పనిముట్టు నేర్చుకొనిన బ్రదుకును?" దీనికి మాకు తోచిన సమాధానమును విన్నవించుకొందుము.

సభయందు మగ్గ మెరిగినవారు హెచ్చు, కోడు వ్రాయువారు తక్కువ. గావున ఆ వృత్తిని ముందుగా మగ్గపు మాటలలోనే చెప్పెదము. అంతర్జాలమునందలి పుట మొదట అచ్చుపుస్తకపు పుటవంటిది. చదువువాడు ఒకచోట నొక్కినంతనే ఆ పుట సమస్తమును తొలగి, దూరమునందలి యంత్రమునుండి క్రొత్తపుట రావలెను. ఒక్కొక్క పేక వేసినప్పుడెల్ల చీరను మగ్గమునుండి విప్పి హైదరాబాదునకు పంపి, మరల తెప్పించి తగిలించినట్లుండెను. ఇట్లు కాక, నాడె మన యింటియందే ఆడవలెను, నూలు మాత్రము దూరమునుండి వచ్చుచుండవలెనను ఆలోచన పుట్టినది. 2002వ సంవత్సరము మార్చి నెలలో మాక్రోమీడియా అను అమెరికా సంస్థ ఇట్టి పుటలకు 'రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్' అని పేరు పెట్టెను. రైలుటిక్కెట్టు కొనునపుడు పెట్టె యెంచుకొనుట, పటముపై వీధిని వ్రేలితో జరుపుట, ఇవన్నియు ఆ జాతిలోనివే. 2004లో జీమెయిలును, 2005లో గూగులు పటములును వెలువడినప్పుడు సామాన్యజనులకు దీని రుచి తెలిసినది.

ఈ పనికి ఆ కాలమున ప్రసిద్ధి కెక్కిన పనిముట్టు ఫ్లాషు. దానిపైని ఫ్లెక్సు అను చట్రము 2004లో వచ్చెను. 2005లో అడోబీ సంస్థ సుమారు 340 కోట్ల డాలర్లకు మాక్రోమీడియాను కొనెను. 2007లో మైక్రోసాఫ్టువారు సిల్వర్‌లైటు అను పోటీపరికరమును తెచ్చిరి. లోకమునందలి కంప్యూటర్లలో మిక్కిలి హెచ్చుభాగమున ఫ్లాషు నెలకొని యుండెను. ఇక కదలదని అనేకులు నమ్మిరి. అమీర్‌పేట గోడలపై ఏ పరికరము పేరు పెద్దయక్షరములతో కనబడిన అదియే శాశ్వతమని నమ్ముట మనవారికి అలవాటు. ఆ నమ్మకముతోనే బంగారము కుదువబెట్టి రుసుము చెల్లించినవారును గలరు.

తరువాత జరిగినదానిని వినుడు. 2007లో వెలువడిన ఐఫోనులో ఫ్లాషునకు చోటు లేదు. 2010 ఏప్రిలులో ఆపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగలేఖ వ్రాసి, అది ఒక సంస్థ చేతిలోని పరికరమనియు, బ్యాటరీని పీల్చివేయుననియు, భద్రత చాలదనియు ఆక్షేపించెను. అడోబీకి అప్పుడు అధిపతి హైదరాబాదులో జన్మించి ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్. ఆయన ఆ యాక్షేపణములను ఖండించెను. అయినను 2011 నవంబరులో ఆయన సంస్థయే చేతిఫోనులకు ఫ్లాషు తయారుచేయుట మానెను. ఫ్లెక్సును అపాచీ సంస్థకు దానము చేసెను. 2020 డిసెంబరు 31తో ఫ్లాషునకు సంరక్షణము ముగిసెను. 2021 జనవరి 12 నుండి దానితో చేసిన పుటలు తెరచుకొనుటయే నిలిచిపోయెను. ఆ సంవత్సరమే అక్టోబరులో సిల్వర్‌లైటును ముగిసెను. అప్పటికి మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ల. ఆయనయు హైదరాబాదువాడే, బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో శంతను నారాయణ్‌వలెనే చదివినవాడే. రెండు పరికరముల యంత్యక్రియలును మన భాగ్యనగరపు విద్యార్థుల ఏలుబడిలోనే జరిగినవి. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వ్యాపారమునకు పనికిరాని మగ్గమును ఏ యజమానియు నిలుపుకొనడు. యజమాని తీసివేయగల మగ్గముపైననే మన బిడ్డ జీవితమంతయు ఆధారపడవలెనా యనునదే ప్రశ్న.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఫ్లాషుతో పనిచేసినవారందరును చెడిపోలేదు. ఫ్లాషులోపలి భాష యాక్షన్‌స్క్రిప్టు. అది బ్రౌజరులయందు నడచు జావాస్క్రిప్టునకు తోబుట్టువు. రెండింటికిని ఇంటిపేరు ఒకటే. ఆ భాషను భాషగా నేర్చినవాడు కొలది మాసములలో ఈ ప్రక్కకు దాటగలిగెను. ఏ బొత్తామును నొక్కిన బొమ్మ కదలునో అంతమాత్రమే నేర్చినవాడు బొత్తాముతోపాటు మునిగెను. గద్వాలచీరను చూడుడు. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఒడలి నూలుపేకయు అంచు పట్టుపేకయు ఎక్కడ ఎట్లు పెనవైచుకొనవలెనో తెలిసినవానికి గద్వాలలో నైనను అమరచింతలో నైనను మగ్గము మారినంతమాత్రమున చేయి తడబడదు. ఆ కూర్పును మనవారు కుప్పడమందురు. నేర్వవలసినది కుప్పడము.

కంప్యూటరు మనకు పరాయిదికాదనియు మేము చెప్పెదము. ఫ్రాన్సు దేశమునందు 1804 ప్రాంతమున జాకార్డు తన మగ్గమునకు రంధ్రముల అట్టలను కట్టెను. ఏ పడుగుపోగు లేవవలెనో ఆ రంధ్రములే చెప్పును. ఇంగ్లండులో బాబేజి తన గణనయంత్రమునకు ఆ యట్టలనే తలచెను. 1890లో అమెరికా జనాభాలెక్కలకు హోలెరిత్ రంధ్రముల అట్టలనే వాడెను. మన పెద్దలు మగ్గముపై బుటాలకు జాల కట్టుచుండిరి, నేటివారు అంతర్జాలమనుచున్నారు. ఇంతమాత్రమున కంప్యూటరును సాలెవాడే కనిపెట్టెనని సభలలో చప్పట్లకై చెప్పువారున్నారు. అది అతిశయోక్తి. పోగులను లెక్కించు బుద్ధి మన పిల్లలకు ఇంటనే అలవడునన్నది మాత్రము నిజము. శర్జిపేటలో నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము, తల్లి ఆసుపోయుచు ఒక్క చీరకు సుమారు 9,000 మారులు చేయి త్రిప్పుట చూడలేక, ఉన్నతవిద్య లేకయే 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ పొందెను. పనిముట్టును వాడువాడు వేరు, చేయువాడు వేరు. ఆయన రెండవ తెగవాడు.

ఇక తలిదండ్రుల ప్రశ్నకు వత్తము. మొదట నేర్వవలసినవి మూడే: పుటకు ఆకారమిచ్చు హెచ్‌టిఎమ్‌ఎల్, అలంకారమిచ్చు సిఎస్‌ఎస్, చలనమిచ్చు జావాస్క్రిప్టు. వీనికి యజమాని లేడు. 1993 ఏప్రిల్ 30న జెనీవాలోని సెర్న్ పరిశోధనాలయము అంతర్జాలపుటల విద్యను రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టెను. వాని నియమములు బహిరంగముగా ప్రకటింపబడియున్నవి. హెచ్‌టిఎమ్‌ఎల్ యొక్క అయిదవ రూపము 2014 అక్టోబరులో స్థిరపడెను. ఫ్లాషు చేయుచుండిన బొమ్మలు, శబ్దములు, చలనచిత్రములు అన్నియు నేడు ఈ మూడింటితోనే అగుచున్నవి. జావాస్క్రిప్టును 1995లో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపమునకు తెచ్చెనందురు. తొందరపాటు గుర్తులు దానియందు ఇప్పటికిని కలవు. అయినను ముప్పది యేండ్లనాడు వ్రాసిన సామాన్యమైన పుట నేటి బ్రౌజరులోను తెరచుకొనుచున్నది. ఫ్లాషుపుట తెరచుకొనదు.

ఈ మూడును చేతికి వచ్చినపిమ్మట 2013లో వెలువడిన రియాక్టు గాని, 2014నాటి వ్యూ గాని, 2012నాటి టైప్‌స్క్రిప్టు గాని ఏది ఉద్యోగమునకు కావలసిన అది నేర్వవచ్చును. వానిని ముందు పెట్టుకొనుట పడుగు చేయక అంచు నేయబోవుట. బ్రౌజరులోపలనే పరీక్షాపరికరములు కలవు. మొజిల్లావారి పాఠములు ఉచితము. వ్రాసిన దానిని తేదీలవారీగా భద్రపరచు గిట్ అను సాధనమును ఉచితమే. పాతకంప్యూటరు ఒకటియు, దినమునకు రెండుగంటల శ్రద్ధయు చాలును. క్రొత్తపరికరము వచ్చెనను వార్త దినమున కొకటి వచ్చుచుండును. వినిన ప్రతిదానివెంట పరుగెత్తరాదు. దాని యజమాని యెవరు, లోపలి కోడును మనము చదువవచ్చునా, అది రేపు మూతపడిన మన పనిని వేరొకచోటికి తీసికొనిపోగలమా యని విచారించిన పిమ్మటనే రుసుము చెల్లింపవలెను.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, యంత్రమే కోడు వ్రాయుచున్నదిగదా, ఇక చదువెందుకని కొందరు నిరుత్సాహపడుచున్నారు. యంత్రము వ్రాయుమాట నిజము. అది తప్పును కూడ మంచి దస్తూరితోనే వ్రాయును. తెగిన పడుగుపోగు ఏదియో కనిపెట్టలేనివాడు మరమగ్గము నడుపునప్పుడు ఏమగునో మీకు తెలియును. నేర్చినవానికి ఆ యంత్రము చేదోడుగా నుండును. నేర్వనివానిని త్రోవ తప్పించును. క్రింది మెట్టు ఉద్యోగములు దానివలన తగ్గవచ్చునను భయము మాకును గలదు, దాచము. అందుచేతనే పైపై చదువుతో సరిపెట్టుకొనరాదని గట్టిగా చెప్పుచున్నాము.

మన భాషను గూర్చియు ఒక మాట. ఒకప్పుడు తెలుగుపత్రికలు అంతర్జాలమున తమ తమ సొంత అక్షరరూపములను వాడుచుండెను. ఒకదాని అక్షరములు మరియొకదానికి పనికిరావు. కొందరు తెలుగును బొమ్మగా అతికించుచుండిరి. దానిని వెదకుటకు వీలులేదు. 1991నాటి యూనికోడు తొలికూర్పునుండియు తెలుగునకు అందు చోటు కలదు. ఆ చోటు వాడుకలోనికి వచ్చుటకే సంవత్సరములు పట్టెను. నేడు ఆ యడ్డంకి లేదు. అయినను మన పిల్లలు చేయు యాప్‌లు ఆంగ్లముననే మాట్లాడుచున్నవి. చీర నేయు తల్లి చదువలేని పుటను ఆమె కుమారుడు తయారుచేయుట మాకు వింతగా తోచుచున్నది. పుట బరువునుగూడ తగ్గింపవలెను. పట్టణపు ఖరీదైన ఫోనులో క్షణమున తెరచుకొనునది రాజోలిలోని పాతఫోనులో నిమిషము పట్టును. సంకేతము అందనప్పుడుకూడ పని నిలువక, అందినప్పుడు లెక్కలు పంపు ఏర్పాటు నేటి బ్రౌజరులయందు కలదు. దానిని వాడువారు తక్కువ.

రాజోలి పేరెత్తగనే 2009 అక్టోబరునాటి తుంగభద్ర వరద జ్ఞప్తికి రాకమానదు. ఊరు మునిగెను, మగ్గములు నీటిపాలయ్యెను. కాగితపు గళ్లపై గీచిన నమూనాలకు అంత వరదయు అక్కరలేదు, ఒక్క కురియు కప్పు చాలును. వానిని కంప్యూటరున కెక్కించి, ప్రతిని వేరొక ఊరియందు ఉంచుట యువకులకు సులభమైన పని.

మరియొక యక్కర కలదు. గద్వాలచీరకు భౌగోళికగుర్తింపు లభించియున్నది. కొన్ని వస్త్రములను చేతిమగ్గమునకే ప్రత్యేకించిన 1985నాటి చట్టమును కలదు. అయినను మరమగ్గపు అనుకరణములు గద్వాల పేరుతోనే తెరపై అమ్ముడుపోవుచున్నవి. బొంబాయిలోనో అమెరికాలోనో కూర్చున్న కొనుగోలుదారునకు భేదము చూపువారు లేరు. ఒడలు అంచుతో కలియుచోటును వ్రేలితో పెద్దదిచేసి, వెనుకవైపు త్రిప్పి, కుప్పడపు పెనవేతను పోగుపోగుగా చూడగలుగు పుటను మన పిల్లలే నిర్మింపగలరు. 'రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్' అనుమాటకు మన యూరిలో ఇంతకంటె మంచి యర్థము మాకు దొరకలేదు.

దీనికై మేము ఒక తీర్మానపు చిత్తును సిద్ధపరచితిమి. వనపర్తి రాజభవనమునందలి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోను, మూడు జిల్లాలలోని ఇతర కళాశాలలలోను చదువు మన బాలురను బాలికలను కలిపి, వేసవి సెలవులలో ఆరువారములు సంఘభవనమున ఈ విద్య నేర్పవలెను. బాలికలు తక్కువగా వచ్చిన వారి యిండ్లకు పోయి పిలువవలెను. వారు చేయు మొదటిపని పైన చెప్పిన చీరపుట. దాని కోడు బహిరంగముగా నుండవలెను. తరువాతి జట్టు చదివి బాగుచేయుటకు వీలుగా తెలుగున వివరణ వ్రాయవలెను. జాలమునందలి పేరు ఏ యొక్కరి సొంతపేరున గాక సంఘము పేరననే నమోదు కావలెను. దాని వార్షికరుసుమును కోశాధికారి చందాపుస్తకమునందే చూపవలెను. రుసుము కట్టుట మరచి పేరును పోగొట్టుకొనిన సంఘములు కలవు గావున ఆ తేదీని సంఘభవనపు గోడపై వ్రాయించుట మంచిది. చిత్తుప్రతిని కార్యదర్శిగారి కిచ్చియున్నాము. రేపటి విషయనిర్ణయసభలో చర్చింప ప్రార్థించుచున్నాము.